‘రాస్తూనే ఉండు’ అనేవాళ్లకు

కొత్తగా రాసేవాళ్లకు మన దగ్గర ఖర్చు లేకుండా దొరికే వస్తువు ఒకటుంది. సలహా. "రాస్తూనే ఉండు, ప్యాషన్ వదలకు, గుర్తింపు దానంతటదే వస్తుంది." సభలో శాలువా కప్పించుకున్న పెద్దాయన అంటాడు. కథ తీసుకోని ఎడిటర్ అంటాడు. మన కథ ఇంతవరకు ఒక్కటీ చదవని స్నేహితుడు కూడా భుజం తట్టి మరీ అంటాడు.

నాకు ఈ మాట మీద చాలా ఏళ్లుగా కోపం ఉంది. సలహా తప్పని కాదు. రాయకుండా ఎవరూ రచయిత కాలేరు, అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోపం ఎందుకంటే, ఈ మాట అనేసి అందరూ చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాత పుస్తకం రాకపోయినా, వచ్చిన పుస్తకాన్ని ఎవరూ కొనకపోయినా, చివరికి ఆ మనిషి రాయడం మానేసినా, "పాపం, మొదట్లో ఉన్న ఊపు ఇప్పుడు లేదు" అని తీర్పు చెప్పేస్తారు. నేరమంతా రాసేవాడి గుండెలో ఉన్నట్టు, బయట అంతా సవ్యంగానే ఉన్నట్టు.

నేను హన్మకొండలో ఉంటాను, పదిహేనేళ్లుగా కథలు రాస్తున్నాను. ఈ పదిహేనేళ్లలో మా వరంగల్‌లోనే నాకు తెలిసి ఏడుగురు రాయడం ఆపేశారు. ఒకాయన కాలేజీలో గెస్ట్ లెక్చరర్, జీతం ఏ నెల వస్తుందో ఆయనకే తెలియదు. ఒకక్క కాశిబుగ్గలో బట్టలు కుడుతుంది. మిషన్ పక్కనే పెట్టుకున్న లాంగ్ నోట్‌బుక్‌లో ఆమె రాసిన కథలు చదివితే నా కథలు చించేయాలనిపించేది. ఇంకొకతను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లి కవిత్వాన్ని ఇక్కడే వదిలేశాడు. వీళ్లలో తపన తక్కువైనవాళ్లను నేను చూడలేదు. రాత్రి పదకొండు తర్వాత, ఇంటి పనంతా అయ్యాక, కళ్లు మూసుకుపోతుంటే రాసిన మనుషులు వాళ్లు. "ఇప్పుడేం రాస్తున్నవక్కా?" అని ఈమధ్య అడిగితే, "ఎవరు సదువుతర్రా?" అంది కుట్టుమిషన్ అక్క. నవ్వుతూనే అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "రాస్తూనే ఉండు" అనేవాళ్ల దగ్గర కూడా లేదు.

అసలు ఒక కథ బయటికి రావాలంటే ఏం జరుగుతుందో చూద్దాం. ఆదివారం అనుబంధానికి పంపుతాం. అందిందో లేదో తెలియదు. మూడు నెలలు ఆగాలి, ఈలోపు ఇంకో చోటికి పంపకూడదు. చాలాసార్లు ‘వేయలేం’ అన్న ముక్క కూడా రాదు. రాకపోవడాన్ని బట్టి మనమే అర్థం చేసుకోవాలి. అంతకుముందు నెలకో నవల వేసే చతుర ఉండేది, దానికి తోడు విపుల ఉండేది. 1978లో మొదలైన ఆ రెండూ కరోనా తర్వాత ఆగిపోయాయి. వారపత్రికలు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. ఇప్పుడు వెబ్ పత్రికలే దిక్కు. వాటిని నడిపేవాళ్లు కూడా ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు మన అచ్చుతప్పులు దిద్దుతున్నవాళ్లే. వాళ్లను డబ్బులడిగే మొహం నాకు లేదు. కానీ ఒక భాషలో కథలు బతకడానికి కొందరి నిద్ర ఒక్కటే ఆధారమైతే, అది గర్వించాల్సిన సంగతి కాదు.

ఇక పుస్తకం. నా మొదటి కథల పుస్తకం లెక్క చెప్తాను, దాచుకోవడానికేం లేదు. 160 పేజీలు, 500 కాపీలు. డీటీపీ, ప్రూఫులు, కవర్, కాగితం, అచ్చు, బైండింగ్ అన్నీ కలిపి 52 వేలు అయింది. వెల 150 రూపాయలు పెట్టాను. పుస్తకాల షాపు వాళ్ల కమిషన్ 40 శాతం పోతే చేతికొచ్చేది కాపీకి 90. అంటే మొత్తం 500 కాపీలూ షాపుల్లో అమ్ముడుపోయినా వచ్చేది 45 వేలు. పుస్తకం సూపర్ హిట్టయినా ఏడు వేలు నష్టం. వెల పెంచుదామంటే, "గింత పుస్తకానికి రెండు వందలా?" అంటారు. ఇందులో నేనిచ్చిన ఉచిత కాపీల లెక్క కలపలేదు. ఆవిష్కరణ సభకు హాలు కిరాయి, టీ, ఫ్లెక్సీ కూడా కలపలేదు.

నేరుగా పాఠకులకే పంపుదామంటే పోస్టు ఖర్చు. పుస్తకాలకని తక్కువ ధరలో ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టాక 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకొకటి తెచ్చింది. మధ్యలో ఆ నాలుగైదు నెలలూ ఊరి నుంచి పుస్తకాలు పంపుకునేవాడి సంగతి ఎవరికీ పట్టలేదు.

ఈ లెక్కలు తెలిసినవాళ్లు ఒక వ్యాపారం పెట్టారు. మన ఫేస్‌బుక్ కవిత కింద "సర్, మీలో గొప్ప రచయిత ఉన్నాడు" అని కామెంట్ వస్తుంది. తర్వాత ఫోన్. సిల్వర్ ప్యాకేజీ, గోల్డ్ ప్యాకేజీ. గోల్డ్ తీసుకుంటే అవార్డు కూడా. నాకూ వచ్చింది అలాంటి ఫోన్. "మాన్యుస్క్రిప్ట్ చదివారా?" అని అడిగాను. "చదవాల్సిన అవసరం లేదు సర్, మీ మీద మాకు నమ్మకం" అన్నాడు అవతలి అబ్బాయి. ఐఎస్‌బీఎన్ ఇప్పించడానికి విడిగా ఫీజు చెప్పాడు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితంగా ఇస్తారని ఎంతమందికి తెలుసు? ఈ వ్యాపారం నడిచేది ఆ ‘ప్యాషన్’ అన్న మాట మీదే. కల నిజం చేసుకోండి అని అమ్ముతారు. చదవకుండానే అచ్చేస్తారు, అచ్చేశాక కూడా చదవరు.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక మాట అంటారు: "ఇప్పటికే చెత్త ఎక్కువైంది. అందరి పుస్తకాలూ రావాలా? వడపోత ఉండొద్దా?" ఉండాలి. నేనూ అదే అంటున్నాను. కానీ ఇప్పుడున్నది ఏ వడపోత? 52 వేలు ఉన్నవాడి పుస్తకం వస్తుంది, లేనివాడిది రాదు. రిటైరయ్యాక చేతిలో డబ్బులున్న ఆఫీసరు గారి నాలుగో కవితా సంపుటి వస్తుంది, మిషన్ పక్కన నోట్‌బుక్ అలాగే ఉంటుంది. వడపోత గుడ్డ మంచి చెడులను చూడ్డం మానేసి చాలా కాలమైంది. అది ఇప్పుడు జేబును చూస్తోంది. చెత్త మీద అంత బాధ ఉన్నవాళ్లు ఏడాదికి ఒక్క కొత్త రచయిత రాతప్రతిని కూర్చుని దిద్దితే, నేను వాళ్ల మాట వింటాను.

మిగతావాళ్లు పురాణం తీస్తారు. వరంగల్ దగ్గర పురాణాలకేం తక్కువ? "బమ్మెర పోతన నాగలి పట్టి భాగవతం రాశాడు, రాజుకు అంకితమియ్యలేదు. నీకు పబ్లిషర్ దొరకలేదని ఏడుస్తున్నవా?" "దాశరథి జైలు గోడ మీద బొగ్గుతో రాశాడు. నీకు ల్యాప్‌టాప్ ఉంది." "కాళోజీని చూడు." ఇలా గొప్పవాళ్లందరినీ వరసగా నిలబెట్టి మన నోరు మూయిస్తారు. సరే, వాళ్లనే చూద్దాం. కాకపోతే సగం కథ కాకుండా మొత్తం చూద్దాం.

కాళోజీ నారాయణరావు 1931లో భగత్ సింగ్ ఉరి నాటికే కవిత్వం రాస్తున్నారు. ఆయన కవితలు ‘నా గొడవ’ పేరుతో పుస్తకంగా వచ్చింది 1953లో. అలంపురం సభల్లో శ్రీశ్రీ ఆవిష్కరించారు. మధ్యలో ఇరవై ఏళ్లు దాటాయి. "చూశావా, ఇరవై ఏళ్లు ఓపిక పట్టాడు" అంటారు మన సలహాదారులు. కానీ ఆ ఇరవై ఏళ్లూ ఆయన ఒంటరిగా గదిలో కూర్చుని ఓపిక పట్టలేదు. ఇంటి భారం మోసిన అన్న రామేశ్వరరావు ఉన్నారు. ఆయనే స్వయంగా ‘షాద్’ పేరుతో ఉర్దూలో రాసిన కవి. రాసింది చెప్తే వినే మిత్రులు, తిట్టే మిత్రులు, సభలు, ఉద్యమాలు ఉన్నాయి. పుస్తకం రాకముందే ఆయన కవితకు వినేవాళ్లున్నారు. పుస్తకం ఆలస్యమైంది గానీ పాఠకుడు ఆలస్యం కాలేదు. ఆ తేడా మన సలహాదారులు చెప్పరు.

దాశరథి కృష్ణమాచార్య అప్పటి వరంగల్ జిల్లా చినగూడూరు మనిషి. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో రాసిన మాట నిజమే. అయితే ఆ గోడ ముందు ఇంకో మనిషి ఉన్నాడు, వట్టికోట ఆళ్వారుస్వామి. అదే జైల్లో తోటి ఖైదీ. 1949లో ‘అగ్నిధార’ వచ్చినప్పుడు దాశరథి దాన్ని అంకితమిచ్చింది ఆయనకే. గోడ మీద పద్యం సంగతి చెప్పుకుని, దాన్ని చదివిన మనిషిని మర్చిపోతే అది సగం కథే.

ఆ ఆళ్వారుస్వామి గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. హోటల్లో పనిచేసినవాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాలు అచ్చేసి, వాటిని మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. ఆయన ముందు పాఠకులను వెతుక్కుంటూ నడిచాడు. ఇవాళ మనలో ఎంతమందిమి ఇంకొకరి పుస్తకాన్ని కనీసం పక్క వీధి దాకా మోశాం?

ఇంకా వెనక్కి వెళ్తే 1934. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి "మీరు రాస్తూనే ఉండండి" అని కవులకు ధైర్యం చెప్పి ఊరుకోలేదు. ఊళ్ల నుంచి పద్యాలు సేకరించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చారు. అందులో అందరూ మహాకవులేం కాదు. అయినా ఆ పుస్తకం లేకపోతే వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు మిగిలేవి కావు. ఆ కవులందరికీ తపన అంతకుముందు నుంచీ ఉంది. కొత్తగా వచ్చింది ఎవరో ఒకరు పూనుకోవడం.

మా హన్మకొండలో 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టింది. పెద్ద రచయితలు పుట్టాక గ్రంథాలయం పెట్టుకోలేదు. ముందు చదువుకునే చోటు ఏర్పాటు చేసుకున్నారు. 1966లో ఇదే వరంగల్ నుంచి ‘సృజన’ మొదలైంది. సాహితీ మిత్రులు నడిపారు, వరవరరావు జైల్లో ఉన్నప్పుడు హేమలత సంపాదకురాలిగా నిలబడి నడిపారు. పాతికేళ్ల పాటు ఎంతమంది కొత్తవాళ్లు తమ తొలి రచన అక్కడ చూసుకున్నారో! ఆ పత్రిక రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. రచయితకు చిరునామా ఇచ్చింది కదా, నేను మాట్లాడుతున్నది దాని గురించి.

వీటన్నిటిలో నాకు కనిపించేది ఒకటే. తపన అనేది రచయిత పుట్టుకతో తెచ్చుకునే సిలిండర్ కాదు, అయిపోయేదాకా వాడుకోవడానికి. చుట్టూ ఉన్నవాళ్లు కాస్త కాస్త పోస్తుంటేనే అది ఉంటుంది. చదివి "ఈ ముగింపు నాకు నచ్చలేదు" అనేవాడు ఒకడుంటే మనిషి ఇంకో కథ రాస్తాడు. ఎవరూ ఏమీ అనకపోతే మూడో కథకో నాలుగో కథకో ఆపేస్తాడు. ఆపేసినవాడిని తప్పుపట్టే హక్కు, అతని రెండో కథ చదవనివాళ్లకు లేదు.

"నిజమైన రచయిత తన కోసం రాసుకుంటాడు, పబ్లిష్ అవ్వాలన్న యావ దేనికి?" అని ఇంకో మాట. వినడానికి బాగుంటుంది. ఈ మాట అనేవాళ్లలో అచ్చు కానివాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి. నాకైతే కనపడలేదు. పది పుస్తకాలు వచ్చినవాళ్లు పదకొండో పుస్తకం ముందుమాటలో రాసే మాట అది. డైరీ మన కోసం రాసుకుంటాం. కథ ఇంకొకరికి చెప్పడానికి రాస్తాం. చెప్పాలనుకోవడం యావ అయితే, మాట్లాడటం కూడా యావే.

"ఇన్‌స్టా ఉంది, ఫేస్‌బుక్ ఉంది, నీ కథ నువ్వే పోస్ట్ చేసుకో" అనేవాళ్లూ ఉన్నారు. చేస్తాం. పెట్టిన నిమిషంలోపే పన్నెండు పేజీల కథకు ఎనిమిది చప్పట్లు వస్తాయి. అంత వేగంగా చదివేవాళ్లు ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

మరి ఏం చేయాలి? మా వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లున్నారు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేతపనివాళ్ల బతుకు బాగుందని నేననను. కానీ అక్కడ ఎవరూ నేసేవాడితో "నువ్వు నేస్తూనే ఉండు, అమ్మకం దానంతటదే అవుతుంది" అనరు. నూలు ఎవరు తేవాలి, సరుకు ఎవరు కొనాలి అన్న లెక్క ఉండాలని అందరూ ఒప్పుకుంటారు, అందుకే సహకార సంఘాలు పెట్టుకున్నారు. రచయితలు పెట్టుకోలేరా? కేరళలో పెట్టుకున్నారు. 1945లో కొట్టాయంలో పన్నెండు మంది రచయితలు కలిసి సాహిత్య ప్రవర్తక సహకార సంఘం మొదలుపెట్టారు. తమ పుస్తకాలు తామే వేసుకుని, అమ్మి, రచయితకు 30 శాతం దాకా రాయల్టీ ఇచ్చారు. పన్నెండు మందే. మన ఆవిష్కరణ సభల్లో స్టేజీ మీద కూర్చునేవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు.

ప్రభుత్వం సంగతి కూడా ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం వసూలవుతుంది. రచయిత, ప్రచురణకర్త, పాఠకుడు, ఎప్పుడూ పుస్తకం ముట్టనివాడు, అందరూ కడుతున్నారు. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు చేరిందా, చేరితే అందులోంచి ఎన్ని కొత్త తెలుగు పుస్తకాలు కొన్నారు అని మన కార్పొరేషన్లో అడిగినవాళ్లను నేనింకా చూడలేదు. కాళోజీ పేరు మీద హన్మకొండలో కళాక్షేత్రానికి 2014లో పునాదిరాయి వేశారు, 2024లో తెరిచారు. భవనం రావడం సంతోషమే. ఆ భవనంలో శాలువాలు ఎన్ని కప్పారన్నది కాకుండా, ఒక కొత్త రచయిత తన కథ చదువుకోవడానికి అందులో ఒక గది ఉచితంగా దొరుకుతుందా అన్నది నా ప్రశ్న.

అన్నిటికంటే ముందు మనం. ఈ పేజీ చదువుతున్న మీరు, నేను. "బుక్కు వచ్చిందట గదా, ఒకటియ్యవా?" అని అడగడం మానేద్దాం. అది ప్రేమ అనుకుంటున్నాం గానీ, రాసినవాడికి అది 150 రూపాయల చదివింపు. కొందాం. కొన్నది చదువుదాం. చదివి నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాసినవాడికే చెబుదాం. ‘అద్భుతం సర్’ కంటే అది వంద రెట్లు ఉపయోగం. ఎడిటర్లు వేయలేని కథకు ఒక్క లైను జవాబు రాయాలి. అందులో కారణం కూడా ఉంటే ఆ ఎడిటర్ ఫొటో నేను ఇంట్లో పెట్టుకుంటాను. ఇప్పటికే పేరు వచ్చినవాళ్లు ముందుమాటలు తగ్గించి రాతప్రతులు దిద్దాలి.

మేం ఐదుగురం ఈ మధ్య ఒక పని మొదలుపెట్టాం. నెలలో రెండో ఆదివారం, సుబేదారిలో ఒక మిత్రుడి మేడ మీద, సాయంత్రం ఐదింటికి. అధ్యక్షుడు లేడు, శాలువా లేదు, ఫొటో కూడా లేదు. రాసింది తెచ్చి చదవాలి, మిగతావాళ్లు నోరు మూసుకుని విని తర్వాత తెరవాలి. చందా వంద రూపాయలు. ఆ డబ్బుతో నెలకో కొత్త పుస్తకం, తెలియని రచయితది, పూర్తి ధరకు కొంటాం. ఇదేం విప్లవం కాదు. ఇలాంటివి ఈ ఊళ్లో మాకంటే ముందు చాలామంది చేశారు, మాకంటే బాగా చేశారు.

కాశిబుగ్గ అక్కకు పోయిన నెల ఫోన్ చేశాను. కొత్తది రాయమని అడగలేదు. పాత నోట్‌బుక్ తెచ్చి చదవమన్నాను, వినడానికి ఐదుగురం ఉన్నామని చెప్పాను. "పెండ్లిళ్ల సీజన్, బ్లౌజులు శానా ఉన్నయ్. అయినా సూస్త" అంది.